క్యారియర్ మూత మీద వేలు

మా ఆయనను చెవి మేస్త్రి అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు, నేను కాపురానికి వచ్చేసరికే ఉంది. అసలు పేరు చెప్పి మా షెడ్డు ఎక్కడని అడిగితే పక్కింటివాళ్లు కూడా బుర్ర గోక్కునేవారు. చెవి మేస్త్రి షెడ్డంటే మాత్రం దారిన పోయేవాళ్లు కూడా చెయ్యెత్తి చూపించేవారు. పాత ట్రాక్టరు ఇంజన్లు బాగుచేయడం ఆయన పని. మిగతా మెకానిక్కులు రాగానే పానా తీస్తారు. ఈయన ముందు కళ్లు మూసుకుంటారు. మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, నిలబడి నిద్రపోతున్న మనిషిలా ఉండిపోతారు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గడానికి కూడా భయపడతారు. కాసేపటికి కళ్లు తెరిచి, "రెండో నాజిల్" అంటారు. విప్పి చూస్తే డీజిల్ చిమ్మే ఆ రెండో నాజిల్లోనే తేడా.

నేను బట్టలు కుడతాను. పెళ్లయిన కొత్తలో నేను లోపలి గదిలో మిషను తొక్కుతుంటే ఆయన బయట షెడ్డులోంచి, "బాబిన్ దగ్గర స్క్రూ వదులైంది చూసుకో" అని కేకేశారు. నాకు ఒళ్లు మండింది. మొగుడికి అంత బాగా వినపడితే పెళ్లాం గొణుక్కునేదెక్కడ? ముప్ఫై ఏళ్లు ఆ ఇంట్లో నేను మనసులో తప్ప గొణుక్కోలేదు. ఇప్పుడు ఎంత గొణుక్కున్నా అడిగేవారు లేరు. ఆ సుఖం నాకేమీ నచ్చలేదు.

రెండేళ్ల కిందట నా మిషను బెల్టు కీచుమనడం మొదలుపెట్టింది. ఆయనే వచ్చి సరిచేస్తారని ఊరుకున్నాను. ఒకరోజైంది, రెండు రోజులైంది. నాలుగో రోజు కావాలనే ఆయన పక్కన కూర్చుని తొక్కాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఎదురింటావిడ వచ్చి, "ఏంటమ్మా ఆ గోల, నూనె వేసుకోకూడదూ?" అంది. ఆయన తలెత్తి నా మొహం చూశారు, ఆమె మొహం చూశారు, మళ్లీ పేపరులోకి వెళ్లిపోయారు. మర్నాడే ఆయన్ను ఆసుపత్రికి లాక్కెళ్లాను.

డాక్టరు చెవి నరం దెబ్బతిన్నదని చెప్పాడు. ఏళ్ల తరబడి ఇంజన్ల మధ్య బతికితే ఇంతేనట. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. ఆయన దాన్ని పెట్టుకుని షెడ్డులోకి వెళ్లి, ఇంజను స్టార్టు చేసి, నిమిషంలో తిరిగొచ్చారు. రేకుల మీద కంకర పోసినట్టుందన్నారు. ఆ మిషను నా దారపుండల డబ్బా అడుగుకు చేరింది. తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఊళ్లో తెలిసిందంటే నా పని అయిపోయినట్టే. చెవి లేని చెవి మేస్త్రిని ఎవరు పిలుస్తారు? ఎక్కడా నోరు జారకు" అన్నారు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. సరేనన్నాను.

సరేననడం తేలికే, చెయ్యడమే కష్టం. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం పట్టేస్తారు. మిగతా సగం "ఊ" కొట్టి దాటేస్తారు. ఇంజను పెదాలు కదపదు కదా. అందుకని నేను ఆయన వెంట వెళ్లడం మొదలుపెట్టాను. భోజనం తెచ్చే వంకన క్యారియర్ పట్టుకుని, ఆయనకు కనపడేటట్టు ఇంజనుకు అవతలి పక్కన నిలబడతాను. ఇంజను చప్పుడు సమంగా ఉన్నంతసేపూ నా చూపుడువేలు క్యారియర్ మూత మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. చప్పుడు తడబడిందా, వేలు ఆగుతుంది. టకటకమంటే గోటితో కొడతాను. ఆయన స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నట్టే ఉంటారు గానీ, రెప్పల సందులోంచి చూసేది నా వేలునే. అరచేతితో ఇంజను అదురు చూస్తారు, నా వేలు చూస్తారు, రెండూ కలిపి రోగం చెబుతారు. రెండేళ్లు అలా నెట్టుకొచ్చాం. "ఈ వయసులో ఏం అన్యోన్యమమ్మా, భోజనం కూడా వదలవు" అని జనం నన్ను ఆటపట్టించేవారు. నేను సిగ్గుపడినట్టు నటించేదాన్ని.

మొన్నటి వాన తర్వాత సీలు బాబాయ్ నుంచి కబురొచ్చింది.

సీలు బాబాయ్ మాకు చుట్టమేమీ కాదు. పోస్టాఫీసులో ముప్ఫై ఐదేళ్లు పార్శిళ్లు కట్టి, లక్క కరిగించి సీళ్లు వేసి రిటైరయ్యాడు. చేతికి ఆ అలవాటు పోలేదు. వాళ్లింట్లో టీవీ రిమోటుకు కవరుంటుంది, ఆ కవరుకు రబ్బరు బ్యాండుంటుంది. గోడ గడియారానికి కూడా తొడుగుంటుంది, టైము చూడాలంటే తొడుగెత్తి చూడాలి. అన్నగారి పాత ట్రాక్టరును తను తీసుకుని ఎనిమిదెకరాలు సాగు చేస్తున్నాడు. ఆ ట్రాక్టరు వయసు నా పెళ్లి కంటే ఎక్కువ. వాన పడ్డాక నేల దున్నడానికి వీలుగా ఉండేది నాలుగైదు రోజులే. ఆ పదును పోతే మళ్లీ వాన కోసం ఆకాశం చూడాల్సిందే. సరిగ్గా ఆ సమయానికి ట్రాక్టరు మొరాయించింది.

మొదటి రోజు వెళ్లేసరికి బాబాయ్, ట్రాక్టరు డ్రైవరు బండి పక్కన దిగులుగా నిలబడి ఉన్నారు. డ్రైవరు నోటి దురుసు మనిషి. "అరగంట దున్నిందండీ, తర్వాత గుటుక్కుమంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అంటుకోదు" అన్నాడు. మా ఆయన డీజిల్ చూడాలన్నారు. బాబాయ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "దుమ్ము పడుతుంది మేస్త్రీ, నేను తీస్తా ఉండు" అంటూ తనే ఎక్కి ట్యాంకు మూత తిప్పి తీసి, చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూత ఊడగానే 'స్స్' మని సన్నటి చప్పుడైంది. అలసిన మనిషి పళ్ల మధ్య నుంచి గాలి పీల్చినట్టు. నాకు వినపడింది. అది ఇంజను చప్పుడు కాదు, దానికి మా వేలి భాషలో గుర్తేమీ లేదు. నేనూ పట్టించుకోలేదు.

ట్యాంకు నిండా డీజిల్ ఉంది. పైపుల్లో గాలి చేరిందని మా ఆయన నట్లు వదులు చేసి గాలి తీసేశారు. సెల్ఫ్ కొడితే ఇంజను మొదటి దెబ్బకే అంటుకుంది. నా వేలు గుండ్రంగా తిరిగింది. బాబాయ్ మొహం చాటంత అయింది. మేం ఇంటికొచ్చి చేతులు కడుక్కునేలోపే మళ్లీ కబురు, ఆగిపోయిందని.

రెండో రోజు ఫిల్టరు విప్పి కడిగారు. మళ్లీ బాబాయ్ మూత తీయడం, రుమాలులో చుట్టడం, మళ్లీ ఆ 'స్స్'. మళ్లీ ఇంజను అంటుకుంది. ఈసారి మేం కదల్లేదు, గట్టు మీద కూర్చున్నాం. అరగంటకు చేను మధ్యలో ట్రాక్టరు ఆగింది. అప్పుడు నాకు అనుమానం తగిలింది. మూత తీసిన ప్రతిసారీ ఆ చప్పుడు రావడమేంటి, తీసిన ప్రతిసారీ బండి అంటుకోవడమేంటి? ఆయన దగ్గరికెళ్లి మెల్లగా, "ఆ మూత తీసినప్పుడు ఏదో చప్పుడవుతోంది" అన్నాను.

"ఆఁ?" అన్నారు వంగి పైపు చూస్తూనే.

"మూత తీస్తుంటే చప్పుడు" అన్నాను కొంచెం గట్టిగా.

"ఏంటీ?"

"మూతండీ, మూత! చప్పుడు!" అని అరిచాను. డ్రైవరు ఇటు తిరిగాడు. బాబాయ్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. మా ఆయన మొహం ఎర్రబడిపోయింది. నా మాట ఆయనకు అందలేదు. జనం తిరిగి చూడటం మాత్రం అందింది.

"ఇంజను దగ్గర ఆడవాళ్ల కబుర్లేంటి? నోరు మూసుకుని కూర్చోలేవూ?" అన్నారు అందరి ముందూ.

డ్రైవరు పళ్లికిలించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్లుగా ఎండలో నిలబడి ఈ మనిషి పరువు మూత మీద వేలితో మోస్తున్నది నేను. నాకా నోరు మూసుకోమనడం? మూసుకున్నాను. మూడో రోజు ఒంట్లో బాగోలేదని ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన క్యారియర్ తీసుకోకుండానే వెళ్లారు.

చెవి పోయిన మనిషి వేలు కూడా లేకుండా వెళ్లి ఏం చేస్తారో నాకు తెలియకపోలేదు. తెలిసే వెళ్లలేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రం మోచేతుల దాకా డీజిల్‌తో తిరిగొచ్చారు. "డీజిల్ పంపు విప్పాను" అన్నారు. పంపు ముట్టుకోవడమంటే గుండె కోసినట్టని, అన్నీ చూశాక ఆఖరికి గానీ దాని జోలికి పోకూడదని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషి. "దాంట్లో ఏమైనా ఉందా?" అని చేత్తో సైగ చేశాను. లేదని తల ఊపారు. డ్రైవరు కుర్ర మెకానిక్ ఎవరినో పిలుద్దామంటున్నాడట. రేపు మధ్యాహ్నం దాకా చూస్తానని బాబాయ్ అన్నాడట. అన్నం కెలికి లేచిపోయారు. గోడకు తగిలించిన స్క్రూడ్రైవరు తీసి పిడిని చెవి వెనక ఆనించుకుని, కొసను నా కుట్టు మిషను మీద పెట్టి నిలబడ్డారు. మిషను ఆగి ఉంది. ఆగి ఉందని కూడా చూసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, అదీ నిజమే.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన వెళ్లిపోయారు. నేను మిషనుకు నూనె వేద్దామని కొత్త డబ్బా తీసి, దబ్బనంతో ఒక చిల్లు పొడిచి వంచాను. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. తొందరలో రెండో చిల్లు పొడవడం మర్చిపోయాను. డబ్బా నిటారుగా పెట్టగానే ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోతూ 'స్స్' మంది.

అదే చప్పుడు.

డబ్బా చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నూనె బయటికి రావాలంటే అంత గాలి లోపలికి పోవాలి. ఆ ట్యాంకులోకి గాలి పోవడం లేదు. మూత తీసినప్పుడు పోతోంది, అందుకే బండి అంటుకుంటోంది. మూత బిగిస్తే కాసేపటికి డీజిల్ దిగడం ఆగిపోతోంది. నాకు ఇంజన్ల సంగతి తెలియదు. నూనె డబ్బాల సంగతి తెలుసు.

క్యారియర్ సర్దుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. చెప్పడం ఎలా? మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. అరిస్తే ఊరంతటికీ వినపడుతుంది.

నేను వెళ్లేసరికి ట్రాక్టరు చేను మధ్యలో నిలిచి ఉంది. పంపు మళ్లీ బిగించారట, స్టార్టయిందట, రెండు చాళ్లు దున్ని ఆగిందట. డ్రైవరు కొంచెం దూరంలో నిలబడి ఫోనులో ఎవరికో దారి చెబుతున్నాడు. బాబాయ్ మట్టిని పిడికిలిలోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు. అప్పుడే పొడిపొడిగా రాలుతోంది. మా ఆయన చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. నన్ను చూసి కూడా లేవలేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లలేదు. బాబాయ్ దగ్గరికి వెళ్లాను. "బాబాయ్, మీరొకసారి ట్యాంకు మూత తీసి నా చేతికివ్వండి."

"ఎందుకమ్మాయ్? డీజిల్ ఉందిగా."

"ఇవ్వండి చెబుతా."

ఎక్కి తిప్పాడు. 'స్స్' మంది. ఈసారి మూత రుమాలులోకి పోకముందే లాక్కున్నాను. నల్లగా జిడ్డు పట్టిన మూత. కొంగుతో తుడిస్తే నట్టనడుమ శనగగింజంత ఎర్రటి బొట్టు కనపడింది.

"ఇదేంటి బాబాయ్?"

"అదా! వాన ముందురోజు చూశానమ్మాయ్, మూతకు చిల్లు పడింది. నీళ్లు పోతే డీజిల్ పాడవదూ? లక్క కరిగించి సీలు వేశా. ముప్ఫై ఐదేళ్ల చెయ్యి, చుక్క నీరు దిగితే అడుగు" అన్నాడు గర్వంగా.

మూత తీసుకెళ్లి మా ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన చూశారు. బొటనవేలితో ఆ ఎర్రబొట్టును రుద్దారు. గాలి కోసం మూతకు ఉండాల్సిన చిల్లు అది, ఆయనకు చెప్పేదేముంది? రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నారు. తర్వాత స్క్రూడ్రైవరు కొసతో లక్క పెకలించి, ఊది, మూత బిగించి, గాలి తీసి, డ్రైవరును సెల్ఫ్ కొట్టమన్నారు. ఇంజను అంటుకుంది. డ్రైవరు తోలుకుపోయాడు. ఒక చాలు, రెండు, నాలుగు. అరగంట దాటింది. ముప్పావుగంట దాటింది. ఆగలేదు.

బాబాయ్ నా వైపు తిరిగి, "నీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు.

మా ఆయన నా పెదాలకేసి చూస్తున్నారు. నేను మొహం పక్కకు తిప్పుకుని, "నాకేం తెలుసు బాబాయ్. ఆయనే పొద్దున మూత చప్పుడు మీద అనుమానమన్నారు. నేను అడిగానంతే" అన్నాను.

"అదీ చెవంటే!" బాబాయ్ తొడ చరిచాడు. ఇంజను ఆర్పకుండానే బండి తిప్పుకొచ్చి నిలిపిన డ్రైవరును పిలిచి, "విన్నావా? మూత తీస్తే వచ్చే గాలి చప్పుడు కూడా పట్టేశాడయ్యా మేస్త్రి! నువ్వేమో కుర్రాళ్లను పిలుద్దామంటివి!" అన్నాడు. డ్రైవరు తల గోక్కున్నాడు.

అందరూ తనకేసి మెచ్చుకోలుగా చూడటం మా ఆయనకు కనపడుతోంది. ఎందుకో తెలియడం లేదు. "ఏమంటున్నాడు? నువ్వేం చెప్పావు?" అని నన్నడిగారు. తన గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకు తెలియదు.

ఈసారి తప్పించుకునే వీల్లేదు. ఎదురుగా నిలబడి, పెదాలు కదుపుతూ, "మీరే విన్నారని చెప్పాను" అన్నాను.

తిడతారనుకున్నాను. ఆయన ప్యాంటుకు చేతులు తుడుచుకుని బాబాయ్ ముందుకు వెళ్లారు.

"నేను వినలేదు బాబాయ్. మూత నా పక్కనే తీశావు. రోజూ తీశావు. నాకు వినపడలేదు. రెండేళ్లుగా నాకు వినపడటం లేదు. విన్నది ఈమె. చెప్పబోతే నీ ఎదురుగానే కసిరాను. లేకపోతే రెండో రోజే నీ పని అయిపోయేది. నీ పదును నేను పోగొట్టాను."

ఇంజను ఒక్కటే మోగుతోంది. డ్రైవరు నా చేతిలోని క్యారియర్ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, ఏదో అర్థమైనట్టు నోరు తెరిచి మూశాడు. బాబాయ్ దగ్గరగా వచ్చి, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి, "పర్లేదు మేస్త్రీ! సగం చేనైనా అవుతుందిలే!" అని ఆయన మొహంలోకి అరిచాడు. మంచి మనసుతోనే అరిచాడు. ఆ రోజు నుంచి మా ఊళ్లో అందరూ ఆయనతో అలాగే అరిచి మాట్లాడుతున్నారు. అలా అరిచినప్పుడల్లా నేను అక్కణ్నుంచి లేచిపోతాను.

ఆయన మాత్రం తల ఊపి ఇంజను దగ్గరికి నడిచారు. స్క్రూడ్రైవరు కొస ఆనించారు. పిడి చెవి దాకా వెళ్లి ఆగింది. దాన్ని కిందికి దించి నా వైపు చాచారు.

"నువ్వు విను" అన్నారు.

ముప్ఫై రెండేళ్లలో ఆ స్క్రూడ్రైవరును నేనెప్పుడూ ముట్టుకోలేదు. పిడిని చెవి వెనక ఆనించుకున్నాను. ఇంజను నా తలలోకి వచ్చి కూర్చున్నట్టయింది. ఇన్నేళ్లూ ఈయన విన్నది ఇదా అనుకున్నాను. రెండో చేతిలో క్యారియర్. వేలు దానంతటదే మూత మీద తిరగడం మొదలుపెట్టింది. డ్రైవరు చూస్తున్నాడు, బాబాయ్ చూస్తున్నాడు. మా ఆయన కళ్లు మూసుకున్నట్టు నటించకుండా, బాహాటంగా, నా వేలునే చూస్తున్నారు.

అంతా బాగానే ఉంది. ఎక్కడో లోపల ఉండీ ఉండీ ఒక చిన్న తడబాటు. మొదటి రోజు అది లేదు. అంటే పంపు విప్పి బిగించినప్పుడు వచ్చిన తప్పు, ఆయన చేతి తప్పు. బయట నిలబడ్డవాళ్లెవరికీ తెలియదు. వేలు ఆపకపోతే ఆయనకూ తెలియదు. ఈ ఒక్కరోజుకు ఈ మనిషికి ఇంతకంటే ఏం కావాలి, వేలు అలాగే తిప్పేద్దామా అనుకున్నాను.

వేలు ఆపాను.

ఆయన ఆ వేలును చూశారు. ఆయన మొహంలో ఏదో కుంగి, మళ్లీ సర్దుకుంది. వంగి పంపు నుంచి పోయే రెండో పైపు మొదట్లో నట్టును వేళ్లతో తడిమారు. డీజిల్ చెమ్మ తగిలింది. పానా కోసం నా వైపు చెయ్యి చాచారు.